చెప్పడం మరిచిపోయిన భూకంపం

ఒకప్పుడు ఆపదలకి సొంత చోటంటూ ఉండేది కాదు. ఏ ఆపద ఎక్కడికైనా పోయేది. ఎప్పుడు పడితే అప్పుడు పోయేది. పోయేముందు ఎవరికీ ఒక్క మాట చెప్పేది కాదు.

పొద్దున్నే తాటిచెట్ల మీద మంచు కురిసేది. మధ్యాహ్నానికి ఎడారి ఇసుక ఎగిరొచ్చి వరినారు మీద పడేది. సాయంత్రం పిల్లలు గోళీలాడుకుంటుంటే నేల ఊగేది, గోళీలన్నీ ఎటో దొర్లిపోయేవి.

ఒకాయన పెరట్లో బీరపాదు పెట్టుకున్నాడు. తెల్లారి చూస్తే పాదు లేదు. అక్కడ అగ్నిపర్వతం కూర్చుని దగ్గుతోంది.

"ఏమిటయ్యా ఇది? ఇక్కడ మా బీరపాదు ఉండాలి కదా!" అన్నాడాయన.

"నాకేం తెలుసు? చోటు బాగుందనిపించింది, కూర్చున్నాను," అంది అగ్నిపర్వతం.

మనుషులు అలాగే సర్దుకుపోయి బతికేవాళ్ళు. అన్నం ఒకచోట వండుకుని ఇంకోచోట తినేవాళ్ళు. కుండలు, చాపలు ఎప్పుడూ మూటగట్టే ఉంచేవాళ్ళు. ఇల్లు కట్టినవాడు అది ఎన్నాళ్ళు ఉంటుందో అనుకునేవాడు కాదు, ఇవాళ ఉందా లేదా అనే చూసుకునేవాడు.

ఆ రోజుల్లో మన తూర్పు సముద్రం ఒడ్డున గువ్వలరేవు అని ఒక పల్లె ఉండేది. అక్కడ నూకాలు అనే ఆవిడ ఉండేది. జుట్టు సగం నెరిసింది గానీ నడుము నిటారుగానే ఉండేది. మొగుడు పోయి చాలా కాలమైంది. కొడుకు ఎర్రన్న పడవేసుకుని సముద్రం మీదికి చేపల వేటకి పోయేవాడు. కోడలు పోలమ్మ వలలు అల్లేది. నూకాలు చేపలు ఎండబెట్టి చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముకొచ్చేది. ఎండుచేపల గంపతో ఆవిడ వీధి మొదట్లో అడుగుపెడితే వీధి చివర వాళ్ళకి మాట వినపడేది. అంత గొంతు.

పోలమ్మకి ఎన్నాళ్ళకో ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల. నూకాలు మురిసిపోయింది. మంచిరోజు చూసి, దూలానికి తన పాత చీర కట్టి ఉయ్యాల వేసింది. ఇరుగుపొరుగు వచ్చారు. శనగలు నానబెట్టారు. పాట అందుకోబోతుండగా సుడిగాలి వచ్చి ఇంటి కప్పు ఎత్తుకుపోయింది.

ఎర్రన్న తాటాకుతో మళ్ళీ కప్పు నేశాడు. మళ్ళీ ఉయ్యాల కట్టారు. ఈసారి ఇసుకగాలి వచ్చింది. పిల్ల కళ్ళనిండా, నోటినిండా ఇసుక. ఏడ్చి ఏడ్చి పిల్ల నీలంగా అయిపోయింది.

మూడోసారి కట్టినప్పుడు భూకంపం వచ్చింది. గోడ ఫెళ్ళున కూలింది. దూలం ఒక పక్కకి ఒరిగింది. ఉయ్యాల జారుతుంటే పోలమ్మ ఎగిరి పిల్లని అందుకుంది. 

ఆ రోజునుంచి పోలమ్మ పిల్లని కింద పెట్టలేదు. చంకలోనో, ఒళ్ళోనో, భుజంమీదో. రాత్రీ పగలూ అంతే. నిద్ర లేదు, తిండి సరిగా లేదు. పాలు తగ్గిపోయాయి. పిల్ల కడుపు నిండక గునుస్తూ ఉండేది.

ఒకనాడు నూకాలు ఊళ్ళన్నీ తిరిగి ఇంటికొచ్చేసరికి పోలమ్మ గుంజకి ఆనుకుని కూర్చుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. చేతులు వదులవుతున్నాయి. పిల్ల మెల్లమెల్లగా జారుతోంది. నూకాలు గంప విసిరేసి ఒక్క గంతులో పోయి పట్టుకుంది.

"ఇలా ఇయ్యవే నాకు. నువ్వు కాసేపు నడుం వాల్చు," అంది.

పోలమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఎక్కడ పడుకోమంటావత్తా? నేలమీద పడుకోవాలంటే భయమేస్తోంది. కదిలేది ఆ నేలే కదా!"

   నూకాలు పిల్లని భుజాన వేసుకుని ఆ రాత్రంతా వాకిట్లో తిరిగింది.

మర్నాడు పొద్దున్నే చద్దన్నం మూటగట్టుకుంది. నాలుగు ఎండుచేపలు కొంగున ముడేసుకుంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఎర్రన్న.

"పొగమెట్టకి."

ఎర్రన్న నోరు తెరిచాడు. పొగమెట్ట అంటే ఆపదలన్నీ కాపురముండే చోటు. భూమి నడిమధ్యలో ఉంది. అటువైపు కాకి కూడా ఎగరదు.

"వాటితో మాట్లాడతావా? అవి ఆపదలమ్మా!"

"ఆపదలైతే ఏటంట? వాటికి చెవుల్లేవా? ఇన్నాళ్ళూ ఎవరైనా పోయి అడిగారా, లేదు కదా! నువ్వు వేటకి పోకు. నేనొచ్చేదాకా పిల్లని ఎత్తుకుని, పోలమ్మకి వేళకింత తిండి పెట్టు," అని నూకాలు బయల్దేరింది.

చాలా దూరం నడిచింది. గడ్డినేలలు దాటింది, రాతినేలలు దాటింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. ఎదురొచ్చిన వాళ్ళందరూ "అటు పోకమ్మా," అన్నవాళ్ళే. చివరికి పొగమెట్ట కనపడింది.

అక్కడ పెద్ద గోలగా ఉంది. ఆపదలన్నీ ఒకదానిమీద ఒకటి ఇరుకిరుగ్గా కూర్చుని తిట్టుకుంటున్నాయి. అగ్నిపర్వతం పక్కన కూర్చున్న మంచు కారిపోతూ "జరగవయ్యా, చెమటలు పోస్తున్నాయి," అంటోంది. సుడిగాలికి కాలు నిలవడం లేదు. అది తిరిగినప్పుడల్లా కార్చిచ్చు మంటలు రేగి కరువుకి అంటుకుంటున్నాయి. తుఫాను జుట్టు విరబోసుకుని చిక్కులు తీసుకుంటోంది. వరద వాగుతూనే ఉంది. సముద్రంలోంచి కొండలా లేచే ఉప్పెన మాత్రం ఒక మూల మాటాపలుకూ లేకుండా కూర్చుంది.

ముందుగా నూకాలుని చూసింది తుఫాను. చిక్కు తీసుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎవరు నువ్వు? ఎదురుగా వస్తున్నావేం? మనుషులు మమ్మల్ని చూస్తే అటువైపు పరిగెత్తుతారు కదా!"

"పరిగెత్తి పరిగెత్తి విసుగొచ్చింది చెల్లీ. అందుకే ఇటు వచ్చాను. కాస్త జరగండి, కూర్చోవాలి. కాళ్ళు పీకుతున్నాయి," అంది నూకాలు.

ఆపదలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. జరిగాయి. వాటిని అంతవరకూ ఎవరూ జరగమని అడగలేదు మరి.

నూకాలు మూట విప్పింది. ఒక ఎండుచేప తీసి అగ్నిపర్వతం వైపు చాపింది. "తాతా, దీన్ని కాస్త కాల్చిపెడుదూ! మాడ్చకు."

అగ్నిపర్వతానికి అలవాటు లేని పని. అయినా ఊపిరి బిగబట్టి, సెగ తగ్గించి, అటూ ఇటూ తిప్పి జాగ్రత్తగా కాల్చింది. కమ్మటి వాసన మెట్టంతా పాకింది. నూకాలు తలా ఒక ముక్క పెట్టింది. తను చద్దన్నంలో నంజుకుని తింది. తిన్నాక చెయ్యి కడుక్కోబోతే వరద తనే వచ్చి నీళ్ళు పోసింది.

అప్పుడు నూకాలు తన ఇంటి సంగతి చెప్పింది. ఉయ్యాల కట్టడం, కప్పు ఎగిరిపోవడం, పిల్ల కళ్ళలో ఇసుక, గోడ కూలడం. కోడలు నిద్రపోక చిక్కిపోవడం. 

ఆపదలు మెల్లగా ఆవిడ చుట్టూ చేరాయి.

"మమ్మల్ని మానేయమంటావా అమ్మా?" అని అడిగింది అగ్నిపర్వతం. "అది మా చేతుల్లో లేదు. నేను లోపలి వేడి బయటికి వదలకపోతే భూమి కాగే కుండలా పగిలిపోతుంది. నేను కక్కిన బూడిదలోనే పంటలు ఏపుగా పండుతాయి."

"ఒండ్రుమట్టి తెచ్చేది నేనే," అంది వరద.

"నేను రాకపోతే చెరువులు నిండవు," అంది తుఫాను.

"నేను ఎందుకో నాకే తెలీదు," అంది సుడిగాలి. అందరూ నవ్వారు. నూకాలు కూడా నవ్వింది.

"మానేయమని అడగడానికి రాలేదు," అంది. "వేసవి మానేయమంటే మానేస్తుందా? నేనడిగేది రెండే మాటలు. ఒకటి, ఎవరి చోటు వాళ్ళు చూసుకోండి. ఇక్కడ ఇలా ఇరుక్కుని తిట్టుకోవడం మీకేం సుఖంగా ఉందా? రెండు, వచ్చేముందు చెప్పి రండి. మా ఇంటికి చుట్టం వస్తే ముందు కబురు పెడతాడు. అప్పుడు ఇంకో గిద్దెడు బియ్యం పోస్తాం. మీరు కబురు పెడితే పిల్లల్ని చంకనేసుకుని తప్పుకుంటాం. మీ పని మీరు చేసుకుపోండి. మాకు మా పిల్లలు దక్కితే చాలు."

అంతే. ఆ మాటకి మెట్టంతా గుసగుసలు మొదలయ్యాయి. సొంత చోటు అన్నమాట వాటికి బాగా నచ్చింది.

మంచు అప్పటికప్పుడు లేచింది. "నేను ఉత్తరాన ఎత్తయిన కొండలమీదికి పోతాను. అక్కడ చల్లగా హాయిగా ఉంటుంది. జారి పడేముందు కొండమీద దడదడమని చప్పుడు చేస్తాను," అని, ఇంకెవరి మాటా వినకుండా వెళ్ళిపోయింది. అగ్నిపర్వతం పక్కనుంచి లేవడమే దానికి పెద్ద సుఖం.

సుడిగాలికి అడ్డం లేని చదునైన నేల కావాలి. అమెరికాలో మైళ్ళకి మైళ్ళు గడ్డి మైదానాలున్నాయని వరద చెప్పింది. "అయితే అక్కడే గిరగిరా తిరుగుతాను. వచ్చేముందు ఆకాశాన్ని ఆకుపచ్చగా చేసి, మబ్బులోంచి తోక కిందికి దించుతాను. తోక కనపడగానే నేలమాళిగల్లోకి దూరిపోండి," అంది.

అగ్నిపర్వతం ఇండోనేషియా దీవుల్లో కూర్చుంటానంది. అంతటితో ఊరుకోక ఇటలీలో ఒక కాలు, ఐస్‌లాండులో ఒక కాలు పెట్టుకుంటానని బేరమాడింది. ముసలివాడు కాళ్ళు చాపుకోవాలి కదా అని అందరూ ఒప్పుకున్నారు. కబురేమిటంటే ముందుగా పొగ, ఆ తరవాత గురగుర.

కార్చిచ్చు ఆస్ట్రేలియా అడవులకి పోయింది. ఇసుకగాలి అరబ్బు ఎడారులకి పోయింది. కరువు మాత్రం, "నాకు ఒకచోట ఉండబుద్ధి కాదు. కానీ నేను పరిగెత్తి రాను, నడిచే వస్తాను. నన్ను దూరంనుంచే చూడొచ్చు. చూసి గింజలు దాచుకోండి," అంది. వరద నదులున్న ప్రతి దేశమూ నాదేనంది. దాంతో వాదించి గెలిచేవాళ్ళు ఎవరూ లేరు. వచ్చేముందు నీళ్ళని ఎర్రగా, బురదగా మారుస్తానని మాత్రం ఒట్టేసింది.

అంతవరకూ నోరు విప్పని ఉప్పెన అప్పుడు మెల్లగా అంది. "నేను వచ్చేముందు సముద్రాన్ని వెనక్కి లాగుతాను. నీళ్ళు పోయి అడుగు బయటపడుతుంది. గవ్వలు, చేపలు మెరుస్తూ కనపడతాయి. పిల్లలకి చెప్పు. వాటికోసం రావద్దని చెప్పు. వెనక్కి చూడకుండా మెరకకి పరిగెత్తమని చెప్పు."

"చెప్తానమ్మా," అంది నూకాలు. 

తుఫాను ఒక్కటే మిగిలింది. చిక్కు తీసుకోవడం అయిపోయింది. జడ వేసుకోకుండా నూకాలు మొహంలోకే చూస్తోంది.

"నాకు గోరువెచ్చటి సముద్రం కావాలి అప్పా. తాటిచెట్లు కావాలి. వరిచేలు కావాలి. నీ తూర్పు ఒడ్డు నాకెప్పటినుంచో ఇష్టం. నేను అక్కడికే వస్తాను."

నూకాలు చేతిలో మూట జారిపోయింది.

ఇంత దూరం నడిచి వచ్చింది తన ఊరిని కాపాడుకోవడానికి. కప్పు లేచిపోని ఇంట్లో మనవరాలిని ఉయ్యాలలో వెయ్యడానికి. ఇప్పుడు అందరికంటే జుట్టు పొడుగున్న ఆపద నీ ఊరికే వస్తానంటోంది.

"ఇంకెక్కడికైనా పోరాదా చెల్లీ?" అంది. 

"ఎక్కడికి పోను? ఫిలిప్పీన్సుకీ పోతాను, జపానుకీ పోతాను, బంగ్లాదేశ్‌కీ పోతాను. నేనెక్కడికి పోయినా అక్కడా ఒక ఉయ్యాల ఉంటుంది కదప్పా!"

నూకాలు తల వంచుకుంది. అవును. అక్కడా ఉయ్యాలలుంటాయి. అక్కడా పోలమ్మలుంటారు. తన ఊరు తప్ప ఇంకే ఊరైనా పర్వాలేదు అనడానికి ఆవిడకి నోరు రాలేదు.

 జారిన మూట తీసి దులుపుకుంది.

"సరే, రా. కానీ ముందు మా పిల్లలకి తెలిసేట్టుగా రా. ఏడాది పొడుగునా మాత్రం కాదు. మేం చేపలు ఎండబెట్టుకోవాలి, కోతలు కోసుకోవాలి."

"వానకారుకి ముందొకసారి, వెనకొకసారి. నడిమధ్య మిమ్మల్ని ముట్టను," అంది తుఫాను. "వచ్చేముందు గాలి స్తంభించిపోతుంది. ఒక్క ఆకు కదలదు. తరవాత సముద్రం లోపలినుంచి హోరుమంటుంది. సముద్రం మీది పక్షులు ఒడ్డుకి వచ్చేస్తాయి. అది చూసి నీ కొడుకు పడవ పైకి లాక్కుంటే చాలు."

"మాటమీద నిలబడతావా?"

"నీ చేప తిన్నాను కదప్పా!"

నూకాలు తుఫాను జుట్టు చేతిలోకి తీసుకుని, "రా, జడ వేస్తాను," అంది. గట్టిగా, బిగించి వేసింది. తుఫాను కళ్ళు మూసుకుని వేయించుకుంది.

ఇంతలో వరద, "అదిసరే, అడుగున ఉన్నదాన్ని ఎవరూ లేపలేదే?" అంది.

అందరూ కిందికి చూశారు. మెట్ట అడుగున, నేల లోపల, భూకంపం గురకపెట్టి నిద్రపోతోంది. దాని పనే అది. ఏళ్ళ తరబడి పడుకుంటుంది. పక్కకి దొర్లితే చాలు, పైన ఊళ్ళు ఊగిపోతాయి.

అందరూ కలిసి అరిచారు. లేవలేదు. వరద నీళ్ళు చల్లింది. లేవలేదు. నూకాలు వంగి, ఎండుచేపలు అమ్మే గొంతుతో "ఒరే నాయనా!" అని ఒక్క కేక పెట్టింది.

భూకంపం దిగ్గున లేచి కూర్చుంది. మెట్టంతా ఊగింది. అగ్నిపర్వతం తూలి ఇండోనేషియా దాకా పోయి పడింది. అది అక్కడే ఉండిపోయింది.

"ఏమైంది? ఏమైంది మామ్మా?" అంది భూకంపం కళ్ళు నులుముకుంటూ. పెద్ద ఒళ్ళు, మెత్తటి మనసు.

నూకాలు అంతా మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. గోడ కూలిన సంగతి వచ్చేసరికి భూకంపం మొహం చిన్నబోయింది. "నేనా? నేను దొర్లానంతే మామ్మా. పైన ఉయ్యాల ఉందని నాకు తెలీదు."

"తెలీదులే. ఇకమీదట దొర్లేముందు చెప్తావా?"

"చెప్తాను. తప్పకుండా చెప్తాను. తలుపు తట్టినట్టు లోపల్నుంచి నేలని మెల్లగా తడతాను. అది విని మీరందరూ బయటికొచ్చి ఆరుబయట నిలబడండి. తరవాత దొర్లుతాను."

నూకాలుకి ఎంతో నచ్చింది ఆ మాట. అన్ని కబుర్లలోకీ ఇదే మంచి కబురు అనుకుంది. జపాను దీవుల కింద, నేపాలు కొండల కింద, చిలీ తీరం కింద మెత్తటి పక్కలున్నాయని చెబితే భూకంపం నేల లోపలి దారినే బయల్దేరింది. "మీ ఊరి మీదుగానే పోతాను మామ్మా," అంది వెళ్తూ వెళ్తూ.

నూకాలు ఇంటికొచ్చింది. తలెత్తి చూస్తే ఆకాశం శుభ్రంగా ఉంది. ఇసుక లేదు, మంచు లేదు. బీరపాదు ఆయన కొత్త పాదు పెట్టుకుంటున్నాడు. ఎర్రన్న పిల్లని భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతున్నాడు. సంగతంతా విని పోలమ్మ అత్తగారి చేతులు పట్టుకుంది. తుఫాను మాట చెప్పినప్పుడు కాస్త భయపడింది. "చెప్పి వస్తానంది కదా!" అని నూకాలు అనేసరికి తేరుకుంది.

ఆ వేళ మధ్యాహ్నం పోలమ్మ నేలమీద చాప పరుచుకుని పడుకుంది. చాలా రోజులకి పడుకుంది. పిల్ల పక్కనే. ఇద్దరూ ఒళ్ళు తెలీకుండా నిద్రపోయారు. నూకాలు ఈగలు వాలకుండా తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

మూడు పూటలా తిని, కంటినిండా నిద్రపోయి, పోలమ్మ మొహంలోకి కళ వచ్చింది. పాలు పడ్డాయి. మళ్ళీ మంచిరోజు చూశారు. ఉయ్యాల కట్టారు. ఊరంతా వచ్చింది. కూలిన గోడ ఎర్రన్న మళ్ళీ లేపాడు గానీ, ఇల్లు ఇరుకని వాకిట్లో పందిరి వేసి ఉయ్యాల అక్కడే కట్టాడు. పిల్లని అందులో వేసి, ముత్యాలు అని పేరు పెట్టి, పాట పాడుతున్నారు.

ఒక్కసారిగా నేల ఊగింది.

అలా ఇలా కాదు. కుండలు దొర్లాయి. కొబ్బరిచెట్లు ఒంగి లేచాయి. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. పందిరి గుంజలు అటూ ఇటూ ఊగాయి, ఉయ్యాల కూడా వాటితో పాటే ఊగింది. తేలిక తాటాకు పందిరి కాబట్టి నిలబడింది. నేల సర్దుకుంది. చూస్తే ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంటి గోడలకి మాత్రం అడ్డంగా పగుళ్ళు పడ్డాయి.

ఉయ్యాలలో పిల్ల కిలకిలా నవ్వుతోంది. ఎవరో గట్టిగా ఊపారనుకుంది కాబోలు.

నూకాలుకి కోపం ముంచుకొచ్చింది. "చెప్తానన్నాడే! తప్పకుండా చెప్తానన్నాడే!" అని కాలు నేలకేసి కొట్టింది.

పోలమ్మ ఊపిరి పీల్చుకుంది. "పోనీలే అత్తా, అయిపోయింది కదా! లోపల పిల్ల బట్టలున్నాయి, తెస్తాను," అని గుమ్మం వైపు నడిచింది. ఎర్రన్న కూడా పొయ్యిమీది పాయసం చూడ్డానికి లేచాడు.

అప్పుడు నేల అడుగునుంచి చప్పుడు వచ్చింది. మెల్లగా. తలుపు తట్టినట్టు. టక్. టక్.

నూకాలు చెవులు రిక్కించింది. "ఆగండి! ఎవరూ లోపలికి పోకండి!" అని అరిచింది. ఆ గొంతు విని పోలమ్మ అడుగు గుమ్మం ముందే ఆగిపోయింది. ఎర్రన్న పెళ్ళాం చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

టక్ టక్ టక్. నేల మళ్ళీ చిన్నగా వణికింది. పగుళ్ళిచ్చిన గోడ గుమ్మం దగ్గరే కుప్పకూలింది.

దుమ్ము అణిగింది. పోలమ్మ మొగుడి చెయ్యి వదల్లేదు.

లోపల్నుంచి బొంగురు గొంతు వినిపించింది. "మామ్మా! నేనే. మీ ఊరి కిందికి వచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చింది. కాస్త ఒరిగాను. నిద్రలో దొర్లేశాను. దొర్లాక గుర్తొచ్చింది, తట్టడం మరిచిపోయానని. అందుకే ఇప్పుడు తట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు కదా?" అని అడిగింది భూకంపం. ఏడుస్తోంది. అది ఏడ్చిన చోట వేడి నీటి ఊట ఒకటి బుడబుడా పొంగింది.

నూకాలు తిడదామని నోరు తెరిచింది. తిట్టలేకపోయింది. నడుం మీద చేతులు పెట్టుకుని నేలలోకి చూసింది.

"ఏమీ కాలేదులే. ఏడవకు. ఒరే, నిద్రలో దొర్లేవాడు ముందుగా ఎలా చెప్తాడురా? అది నీవల్ల కాదు. నేనే ఆలోచించుకోవాల్సింది."

"మరి ఏం చెయ్యను మామ్మా?"

"తరవాతైనా తట్టు. మానకుండా తట్టు. ఇవాళ నీ తట్టు వినబట్టే నా కోడలు నాకు దక్కింది. నువ్వు తడుతున్నంతసేపూ మేం బయటే ఉంటాం. ఇక ముందు సంగతంటావా, అది మా పని. నువ్వు ఉండబోయే దేశాల వాళ్ళకి కబురు పంపిస్తాను. బరువు గోడలు వద్దని, ఊగినా విరగని ఇళ్ళు కట్టుకోమని, నేల కదలగానే గట్టి బల్ల కిందకి దూరమని పిల్లలకి నేర్పమని చెప్తాను."

"తడతాను మామ్మా. ఒకసారి కాదు, గుర్తొచ్చినప్పుడల్లా తడతాను," అంది భూకంపం. ముక్కు చీదుకుని, మెల్లగా, ఈసారి మెలకువగా, నేల లోపలి దారిన తన చోటికి పోయింది.

గోడ కూలిన దుమ్ము దులుపుకుని ఊరివాళ్ళు మళ్ళీ పందిట్లో కూర్చున్నారు. పాయసం పొయ్యిమీదే ఒలికిపోయింది. పక్కింటావిడ బెల్లమూ అటుకులూ పట్టుకొచ్చింది. సగంలో ఆగిన పాట మళ్ళీ మొదట్నుంచి అందుకున్నారు. పోలమ్మ పాడుతూ పాడుతూ చాపమీద ఒరిగి, అంతమంది మధ్యలో, హాయిగా నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.

అప్పటినుంచే ఒక్కో దేశానికీ ఒక్కో ఆపద. అప్పటినుంచే తుఫాను వచ్చేముందు ఆకు కదలదు, ఉప్పెన వచ్చేముందు సముద్రం వెనక్కి పోతుంది, అగ్నిపర్వతం ముందుగా పొగ వదులుతుంది. భూకంపం ఒక్కటే పాపం చెప్పకుండా వస్తుంది, వచ్చాక నాలిక కరుచుకుని ఆ రోజంతా, మర్నాడు కూడా, నేల అడుగునుంచి మెల్లమెల్లగా తడుతూనే ఉంటుంది. ఆ తట్టడం పూర్తిగా ఆగేదాకా ఏ దేశంలోనైనా సరే, పెద్దవాళ్ళు పిల్లల్ని ఆరుబయటే కూర్చోబెట్టుకుంటారు.